గంగిరెద్దు మీది చీరలు

ఆషాఢంలో ఎవరన్నా చీరలు కొంటారర్రా? మా రోజుల్లో ఆషాఢం వచ్చిందంటే బెజవాడ వన్‌టౌన్‌లో బట్టల కొట్లకు పని ఉండేది కాదు. ముహూర్తాలుండవు. కొత్త పెళ్లికూతుళ్లు పుట్టింట్లో ఉంటారు. చుట్టుపక్కల ఊళ్ల రైతులు నారుమళ్లలో దిగి ఉంటారు, వాళ్ల చేతిలో పైసా ఆడదు. మా షావుకారుగారు గల్లాపెట్టె దగ్గర విసనకర్రతో విసురుకుంటూ కూర్చునేవారు. ఇప్పుడు ఆషాఢం అంటే ఊరంతా ఫ్లెక్సీలు, సగం ధరకే చీరలు, తెల్లారి ఏడింటికే షట్టరు ముందు తోపులాట. మా కోడలు ఆ తోపులాటలో దూరి మూడు చీరలు పట్టుకొచ్చింది. "రెండు కొంటే ఒకటి ఉచితం మామయ్యగారూ" అని చూపించింది. ఉచితంగా ఇచ్చారు సరే, ఆ చీర ఎవరు నేశారమ్మా, వాళ్లకెవరు డబ్బిచ్చారు అని అడిగాను. దానికి జవాబు లేదు.

నేను 1965లో, 15 ఏళ్ల వయసులో, వన్‌టౌన్‌లో ఓ చీరల కొట్లో కుర్రాడిగా చేరాను. పరుపుల మీద దుప్పట్లు మార్చడం, వచ్చినవాళ్లకి మంచినీళ్లందించడం, గుమాస్తాలు చూపించి పక్కన పడేసిన చీరలు మడతపెట్టడం నా పని. తర్వాత నేనే గుమాస్తానయ్యాను. మొత్తం 43 ఏళ్లు అదే కొట్లో చీరలు పరిచి చూపించాను. కాబట్టి ఈ విషయంలో నేను చెప్తాను, మీరు వినండి. మధ్యలో ఫోను చూడకండి.

ఆ ఖాళీ నెలలో మేం గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నామనుకునేరు. పట్టుచీరల మడతలు మార్చే నెల అది. ధర్మవరం కానీ, గద్వాల కానీ, కంచి కానీ, ఒకే మడతలో ఏళ్ల తరబడి ఉంటే ఆ గీత దగ్గరే పట్టు చిట్లుతుంది, జరీ విరుగుతుంది. అందుకని బీరువాల్లోంచి ఒక్కో చీర దించి, ఈ కొస ఒకడూ ఆ కొస ఒకడూ పట్టుకుని, పాత గీత మీద పడకుండా కొత్త మడత వేసేవాళ్లం. షావుకారుగారు దగ్గరుండి చూసేవారు. అమ్ముడుపోని చీరని కూడా అమ్ముడుపోయిన చీరంత భద్రంగా చూసుకోవాలనేవారు, దాని మీద ఒకడి కళ్లు పోయాయి కాబట్టి. ఇప్పుడు మీ బీరువాల్లో పెళ్లి పట్టుచీర ఏ మడతలో ఉందో ఒక్కసారి తెరిచి చూడండి. కొన్న రోజు కొట్టువాడు పెట్టిన మడతలోనే ఉంటుంది. నేను పందెం కాస్తాను.

శ్రావణం రాగానే కొట్టు మారిపోయేది. పౌర్ణమికి ముందొచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఆ వారమంతా అన్నం తినడానికి కూడా వంతులేసుకునేవాళ్లం. అయినా ఎంత రద్దీలోనైనా ఒక పద్ధతి తప్పేది కాదు. షావుకారుగారి భార్య గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చునేవారు. వెళ్లే ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి, రెండు తమలపాకులు, వక్క, పసుపుకొమ్ము, ఒక రవికెల గుడ్డ చేతిలో పెట్టేవారు. చీర కొన్నా అంతే, పది చీరలు చూసి ఏదీ నచ్చక లేచినా అంతే. మా సీనియరు గుమాస్తా ఒకాయన, కొననివాళ్లకి గుడ్డ ఎందుకమ్మా అని అడిగాడు ఓసారి. "మన గుమ్మంలోకి వచ్చిన లక్ష్మి కదయ్యా" అన్నారావిడ. మళ్లీ ఎవరూ అడగలేదు.

ఇప్పుడు కృతజ్ఞత ఎలా చెప్తున్నారో తెలుసా? ఫోను టింగుమంటుంది. ప్రియమైన కస్టమరు గారికి ధన్యవాదాలు, మీ ఖాతాలో ఇన్ని పాయింట్లు చేరాయి అని. ఆ ప్రియమైన కస్టమరు ఎవరో పంపినవాడికి తెలియదు. పంపింది మనిషి కూడా కాదట, మిషనట. మా మనవరాలు చెప్పింది. నాకు ఆ పాయింట్లొద్దు. బొట్టు పెట్టి రెండాకులు చేతిలో పెట్టడానికి మనిషి కావాలి.

అవతలివాళ్లు కూడా అంతే ఉండేవాళ్లు. నున్న నుంచి ఒకావిడ వచ్చేది. కూతురి పెళ్లికి చీరలన్నీ మా దగ్గరే తీసుకుంది. సగం డబ్బిచ్చి, మిగతాది కుప్పనూర్పిళ్లయ్యాక ఇస్తానంది. షావుకారుగారు పద్దు రాయించారు, సంతకం లేదు, ఏమీ లేదు. ఆవిడ మూడు విడతల్లో బాకీ తీర్చింది. తీర్చాక, ఇంకేం పని లేకపోయినా, ప్రతి ఎండాకాలం ఒక బుట్ట మామిడిపళ్లు తెచ్చి కొట్లో దించేది. గడ్డి మధ్యలో పెట్టి, పండినవి పైన, పండబోయేవి కింద. ఇలా పదేళ్లు పైనే తెచ్చింది. అరువు ఎగ్గొట్టినవాళ్లు లేరా అంటారేమో, ఉన్నారు. ఆ పేర్లు కూడా పుస్తకంలో ఉండేవి. కానీ ఎగ్గొట్టినవాళ్ల కోసం నున్న ఆవిడకి అరువు ఆపాలని ఎవరికీ తోచలేదు.

రంగుల సంగతి చెప్పకుండా ముందుకెళ్లలేను. మా కొట్లో రంగులన్నీ పెరట్లోంచీ వంటింట్లోంచీ వచ్చినవే. వంగపండు, నేరేడుపండు, బచ్చలిపండు, మిరపపండు, చిలకపచ్చ, మామిడిచిగురు, ఉల్లిపొర, మెంతిరంగు, గంధం, కనకాంబరం, నెమలికంఠం, పాలపిట్ట. ఊరి నుంచి వచ్చిన ముసలమ్మ "నాయనా, పండీపండని నేరేడుపండు రంగు తియ్యి" అంటే నేను తిన్నగా వెళ్లి ఆ చీరే తీసేవాణ్ణి. ఆ మాటలో రంగు మొత్తం ఉంది. ఇప్పుడు పీచ్ అంటారు, వైన్ అంటారు, లావెండరు అంటారు, ఏవేవో పేస్టల్ అంటారు. పీచ్ పండు మన వైపు ఏ చెట్టుకి కాసింది? చూడని పండు పేరు పెట్టుకుని, చూసిన పండు పేరు మరిచిపోయారు. మా మనవరాలికి బచ్చలిపండు చూపించి వేళ్లతో నలిపి చూడమన్నాను. వేళ్లకంటిన ఆ రంగుని ఎంతసేపు చూసిందో!

ఇంకోటి. చీర రంగు ట్యూబులైటు కింద చూడకూడదు. మా కాలపు ఆడవాళ్లు ఎవరూ చూసేవాళ్లు కాదు. చీర కొస పట్టుకుని గుమ్మం దాకా వచ్చి, ఎండలో అంచు ఒకసారి, ఒళ్లు ఒకసారి తిప్పి చూసి, అప్పుడు లోపలికొచ్చి బేరం మొదలుపెట్టేవాళ్లు. రవికెకి టూ బై టూ రూబియా గుడ్డ కలపాలన్నా అంతే, ముక్క పట్టుకుని వీధిలోకి రావాల్సిందే. ఇప్పటి షోరూముల్లో కిటికీలే ఉండవు. నాలుగో అంతస్తులో ఏసీ గదిలో పసుపు దీపాల కింద చూసి కొంటారు, ఇంటికి తెచ్చి చూసుకుని ఇదేంటి ఇలా ఉందంటారు.

ఆ షోరూముల్లో పాటలొకటి. బాబూ, నేను పాటకి వ్యతిరేకిని కాదు. పాట వింటూ పెరిగినవాణ్ణి. 1948 డిసెంబరు 1న మన విజయవాడ రేడియో కేంద్రం మొదలైంది, నాకంటే కాస్త పెద్దది. బాలాంత్రపు రజనీకాంతరావుగారి చేతుల మీదుగా వచ్చిన భక్తిరంజని మా ఊళ్లో కోడికూతతో సమానం. కొట్టు ఊడవడానికి పొద్దున్నే బయల్దేరి నడుస్తుంటే ఒక్క ముక్క తెగకుండా వినపడేది. ఈ ఇంటి కిటికీలో మొదలైన పల్లవి ఆ సందు చివర చరణమయ్యేది. ఎవరి రేడియో అని చూసే పనిలేదు, అందరిదీ అదే పాట. బాలమురళీకృష్ణగారి గొంతు, శ్రీరంగం గోపాలరత్నంగారి గొంతు నడుచుకుంటూ విన్నవాణ్ణి నేను, టిక్కెట్టు కొని కాదు. కొట్లో బీరువా మీద మర్ఫీ రేడియో ఉండేది. ఎవరన్నా చీర చేతిలోకి తీసుకుని బేరం మొదలుపెడితే షావుకారుగారు చెయ్యి చాచి దాని గొంతు తగ్గించేవారు. కొనేవాళ్ల మాట వినడం మన పని, పాట తర్వాత అనేవారు.

మొన్న దసరాకి కోడలితో ఓ పెద్ద షోరూముకి వెళ్లాను. నా పక్కనున్న మనిషి మాట నాకు వినపడలేదు. గుండెలదిరేలా బీటు. చీరలు చూపించే పిల్ల గొంతు పోయేలా అరుస్తోంది, ఇరవై ఏళ్లుంటాయేమో. ఎంతసేపు నుంచి నిలబడ్డావమ్మా అని అడిగితే పొద్దున తొమ్మిది నుంచి తాతగారూ అంది. అప్పుడు సాయంత్రం ఆరు. కూర్చోడానికి స్టూలు కూడా లేదు. మేం పరుపు మీద కూర్చుని అమ్మాం, కొనేవాళ్లూ కూర్చునే కొన్నారు, పిల్లలకి అక్కడే నిద్రొస్తే చీరల కట్ట తలగడ అయ్యేది. కొట్లలో పనిచేసేవాళ్లకి కూర్చునే ఏర్పాటు చేయాలని 2018లో కేరళలో, 2021లో తమిళనాడులో చట్టాలే చేయాల్సి వచ్చింది. మనిషి కూర్చోడానికి చట్టం! ఆ పిల్ల చేత నేను ఇంకో చీర తీయించలేకపోయాను. లేచి వచ్చేశాను.

రోజూ కట్టుకునే చీర ఒక సంగతి. మీకు చీరంటే పెళ్లికి కట్టేది, ఫొటో దిగేది. మా రోజుల్లో కొట్టు బతికింది ఇంట్లో కట్టే చీరల మీద. ఏడాదికి రెండు నేత చీరలు, రెండు వాయిలు చీరలు. బెజవాడ ఎండలకి నూలు తప్ప ఇంకోటి ఒంటి మీద నిలవదు. మంగళగిరి చీర తెచ్చుకుంటే మొదట ఉప్పునీళ్లలో జాడించి, తర్వాత గంజిపెట్టి, నీడన ఆరేసి, రెండు చేతులా లాగి మడతపెట్టి పరుపు కింద పెట్టేవాళ్లు, ఇస్త్రీ అక్కర్లేదు. ఉతికేకొద్దీ మెత్తబడేది. మూడేళ్లు కట్టాక ఉయ్యాల, ఆ తర్వాత బొంతలో పొర, ఆ తర్వాత పొయ్యి దగ్గర మసిగుడ్డ. డబ్బిచ్చేటప్పుడు ఆడవాళ్లు కొంగు ముడిని పళ్లతో లాగి విప్పేవాళ్లు. చెమటకి మెత్తబడిన పదిరూపాయల నోటు నాలుగు మడతలుండేది. ఆ నోటు అందుకునేటప్పుడు నా చేతికి ఆ తడి తగిలేది. ఇది ఎన్నాళ్లు దాచిందో అని తెలిసేది. ఇప్పుడు ఫోను చూపిస్తే డబ్బు ముట్టినట్టు డబ్బా అరుస్తుంది.

ఇక నైటీలు. పదింటికి పాలవాడి దగ్గరికి నైటీ, కూరల బండి దగ్గరికి నైటీ, పైన ఓ తువ్వాలు. దీని మీద నేను మా ఇంట్లో చాలాసార్లు గొంతెత్తాను. మా ఆవిడ ఒకసారి గరిటె పక్కన పెట్టి, "మే నెలలో ఈ పొయ్యి ముందు ఆరు గజాలు చుట్టుకుని రెండు గంటలు నిలబడు, అప్పుడు మాట్లాడు" అంది. అది నిజం. నేను 43 ఏళ్లు ఫ్యాను కింద కూర్చుని చీర గొప్పతనం చెప్పినవాణ్ణి, దాన్ని కట్టుకుని వండినవాణ్ణి కాదు. మనవరాలు పంజాబీ డ్రెస్సులో స్కూటీ మీద కాలేజీకి వెళ్తోంది. చీరతో వెళ్లమనడానికి నాకు నోరు రాదు. అయినా వారానికి ఒక్కరోజన్నా ఇంట్లో నేత చీర కట్టండర్రా. నూలు ఒంటికి తగలకపోతే నేతగాడి ఇంట్లో పొయ్యి వెలగదు.

ఇప్పుడు సంక్రాంతి. నా మాటంతా ఇక్కడికే వస్తుంది.

మా వీధిలోకి గంగిరెద్దులవాడు రావడం సన్నాయి చెప్పేది. ఇంకా రెండు సందులవతల ఉండగానే డోలు వినపడేది. ఆడవాళ్లు లోపలికెళ్లి పెట్టె తెరిచేవాళ్లు. చేటలో బియ్యం, దాని మీద ఒక పాత చీర. పాతదంటే చిరిగింది కాదు, కట్టినన్నాళ్లు కట్టి, ఉతికి, మడతపెట్టింది. గంగిరెద్దులవాడు ఆ చీర విప్పి ఎద్దు వీపు మీద కప్పేవాడు. ఎద్దు వంగి దణ్ణం పెట్టేది. పంట ఇంటికొచ్చిన నెల కదా, వచ్చినదాంట్లోంచి హరిదాసుకి ఇంత, ఎద్దుకి ఇంత, చాకలికి ఇంత. థాంక్స్ అనే మాట ఎవరి నోటా నేను వినలేదు. ఆ చీరే ఆ మాట.

ఆ ఎద్దు వీపు మీద చీరలు నేను గుర్తుపట్టేవాణ్ణి. అన్నీ మా కొట్లోవే! ఇదిగో ఈ నెమలికంఠం గుడి అంచు మంగళగిరి, సామారంగం చౌక్ దగ్గరి టీచరుగారికి అమ్మింది. ఈ చిన్నపూల వాయిలు, మా ఆవిడకి నేనే తెచ్చింది, 1978లో, పెద్దవాడు పుట్టిన ఏడు. మూడేళ్లు కట్టి ఇచ్చేసింది. సన్నాయి వాయిస్తూ ఆ ఎద్దు కదిలిపోతుంటే, నేను పరుపు మీద పరిచి చూపించిన చీరలన్నీ ఒకదాని మీద ఒకటి వీధిలో ఊరేగుతున్నట్టుండేది. ఇన్నేళ్ల గుమాస్తాగిరీలో నాకు దానికంటే గొప్ప సన్మానం జరగలేదు.

మొన్న సంక్రాంతికి మా అపార్టుమెంటుకి గంగిరెద్దు వచ్చింది. వాచ్‌మన్ గేటు బయటే ఆపేశాడు. ఎద్దు మెడలో ఫోనుతో డబ్బు వేసే గీతల అట్ట వేలాడుతోంది. అతన్ని నేను తప్పుపట్టను, చేటలో బియ్యం వేసేవాళ్లు లేనప్పుడు అతను మాత్రం ఏం చేస్తాడు. కానీ ఎద్దు వీపు మీద చూశాను. చీరలు లేవు. మెరుపుల గుడ్డ ఒకటి కుట్టించి కప్పాడు. చీరలెవరూ ఇవ్వట్లేదండీ, అందుకే కుట్టించానన్నాడు.

నేనిలా సణుగుతుంటే అప్పట్లో అంతా బాగుండేదని అనుకోకండి. ఒక మాట దాచకుండా చెప్పాలి. మంగళగిరి నుంచి ఓ నేత పెద్దాయన నెత్తిన మూటతో వచ్చేవాడు. ప్రకాశం బ్యారేజీ మీదుగా బస్సు, అక్కణ్ణుంచి నడక. విజయదశమి రోజు షావుకారుగారు ఆయన్ని కూర్చోబెట్టి, పంచెల చాపు, ఉత్తరీయం, వెండి పళ్లెంలో పెట్టి ఇచ్చేవారు. ఆయన కళ్లకద్దుకునేవాడు. అదంతా నిజమే. కానీ చీర ధర మాత్రం ఎప్పుడూ మా షావుకారుగారే చెప్పేవారు, ఆయన తల ఊపేవాడు. ఓ ఏడాది పంచెలు తీసుకుంటూ మెల్లగా, "మా కొండ మీద పానకాలస్వామి కూడా పోసిన పానకంలో సగం తిరిగిచ్చేస్తాడు బాబుగారూ" అన్నాడు. షావుకారుగారు నవ్వేశారు. నాకు అప్పుడర్థం కాలేదు. గుంట మగ్గంలో కాళ్లు పెట్టి రోజంతా నేసేవాడు ఆయన. ఇంటిల్లిపాదీ కండెలు చుట్టేవాళ్లు. పండగకిచ్చిన పంచెలు, రోజూ ఇవ్వాల్సిన కూలికి బదులు కావు. ఆ రోజుల్లో మేం ఆ లెక్క వేయలేదు.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పోయిన నెల మా మనవరాలు ఫోనులో ఓ మంగళగిరి చీర తెప్పించింది. ఫోనులో చీరేమిటని నేను అంతెత్తున లేచాను. పార్శిలు రాగానే లాక్కుని, కళ్లజోడు పెట్టుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అంచు వెంబడి వేలితో తడిమాను. మగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా అడ్డంగా ఓ కర్ర బిగిస్తారు, దాని సూదుల బెజ్జాలు రెండు అంచుల్లోనూ సన్నగా వరసగా ఉంటాయి. అవి ఉన్నాయి. చేనేతే. గంజి వాసన కూడా ఉంది. ఎక్కడ కొన్నావే అంటే, మంగళగిరిలో ఒక నేతగాడి కొడుకు దగ్గర, మధ్యలో ఎవరూ లేరు తాతయ్యా అంది. ఆ అబ్బాయి ఆ చీర నేస్తున్నప్పటి వీడియో పంపాడట, చూపించింది. వాళ్ల నాన్న మగ్గం మీద ఉన్నాడు. టకటక టకటక. ఆ చప్పుడు విని ఎన్నేళ్లయిందో. ఫోను చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విన్నాను. ఆయనకి చెప్పిన ధర మొత్తం చేరిందా అని అడిగాను. చేరిందంది. మా కొట్లో అయితే చేరేది కాదు.

2015 నుంచి ఆగస్టు 7న చేనేత దినోత్సవం చేస్తున్నారు, మంచిదే. ఆ రోజు ఫొటోలు పెట్టండి, వద్దనను. కానీ నాకోసం ఒక్క పని చేయండి. ఈ సంక్రాంతికి ముందు మీ బీరువా తెరిచి, కట్టి కట్టి మెత్తబడిన నూలు చీర ఒకటి తీయండి. ఉతికి, నీడన ఆరేసి, మడతపెట్టి గుమ్మం దగ్గర ఉంచండి. వాచ్‌మన్‌కి ముందుగానే చెప్పండి, సన్నాయి వినపడితే గేటు తీయమని.